ముక్కు పైకెత్తిన బండి

పెద్దాయనకి బండి ముందు వినబడింది, తర్వాత కనబడింది. వీధి చివర ఎక్కడో కందిరీగల తుట్టె కదిలినట్టు ఝుమ్మని ఒకటే మోత. గోడౌన్ గుమ్మంలో స్టూలేసుకుని, నెర్రెలిచ్చిన గుడ్లు ఏరి వేరే ట్రేలో పెడుతున్నవాడల్లా చెయ్యి ఆపి తలెత్తాడు. మలుపు తిరిగి వచ్చింది తన బండే. తన బండేనని నంబరు పలక చూస్తే గానీ పోల్చుకోలేకపోయాడు.

ఆ పికప్ బండి ఇంటికొచ్చిన రోజు నుంచీ ముందు కాస్త వంగి, వెనక కాస్త లేచి ఉండేది. మేతకి తల దించిన గేదెలా, ఎవరి జోలికీ పోనట్టు ఉండేది. ఇప్పుడు ఫొటో కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డవాడిలా ముక్కు పైకెత్తుకుని వస్తోంది. కింద టైర్లు చూస్తే, రోడ్లు వేసే యంత్రానికి ఉన్నవి ఎవరో ఊడబెరికి తెచ్చి తగిలించినట్టున్నాయి. ఆ టైర్ల పళ్ల సందుల్లో పిల్లి దూరి నిద్రపోవచ్చు.

బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. చిన్నోడు దిగాడు. దిగాడనడం మర్యాద. గోడ దూకే దొంగలా దూకాడు.

చిన్నోడంటే పెద్దాయన కొడుకే. నలభై దాటాయి. బట్టతల వచ్చింది, పొట్ట వచ్చింది, ఎత్తు మాత్రం రాలేదు. అందుకని చిన్నప్పటి పిలుపు అలాగే ఉండిపోయింది.

"ఎలా ఉంది నాన్నా?"

"దిగడానికి నిచ్చెన ఇవ్వలేదా వాడు? మర్చిపోయినట్టున్నాడు, వెళ్లి అడుగు."

"నీకన్నీ వెటకారాలే. లెవలింగ్ కిట్ అంటారు దీన్ని. ముందు షాక్‌ల మీద ఇనప బిళ్లలు వేసి లేపుతారు. ఇప్పుడు ముందూ వెనకా సమానం. చూడు, గీత గీసినట్టు లేదూ?"

"ఇన్నాళ్లూ వంకరగా ఉందని నీకెవరు చెప్పారు?"

"డాక్టర్ చెప్పాడు."

పెద్దాయన ముక్కుతో ఒక శబ్దం చేశాడు. డాక్టరంటే మెయిన్ రోడ్డు మీద గ్యారేజీ వాడు. బండి తీసుకెళితే చాలు, బానెట్ మీద చెయ్యేసి కళ్లు మూసుకుని నాడి చూస్తున్నట్టు నిలబడతాడు. తర్వాత నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పుకే జనం సగం పడిపోతారు. పిచ్చివాళ్లు. వాడి సొంత స్కూటరు నాలుగు తన్నులు తంతే గానీ స్టార్టవదు.

"బండి కుంగిపోయి ఉందన్నాడు నాన్నా. ఎవరికో భయపడి తల వంచుకు నడుస్తున్నట్టుందన్నాడు. మగాడి బండిలా లేదన్నాడు."

"బండిలో ఆడా మగా కూడా ఉంటాయా? ఎలా కనిపెట్టాడు, పాలు పితికి చూశాడా?"

చిన్నోడు బండి చుట్టూ తిరిగి, జేబురుమాలు తీసి టైరు తుడిచాడు. టైరు! రోడ్డు మీద దొర్లేదాన్ని జేబురుమాలుతో తుడిచినవాణ్ని పెద్దాయన అదే మొదటిసారి చూడటం. కన్న తల్లి కాళ్లనొప్పులంటే ఒక్కనాడు కూడా నూనె రాయని చెయ్యి అది.

"దాని మీదెక్కి కూర్చుంటే నువ్వు పొడుగవ్వవురా చిన్నోడా. మేడ మీద నిలబడ్డవాణ్ని ఎవరూ పొడుగోడు అనరు. మేడ మీదున్నాడు అంటారు. అంతే."

"నువ్వూ అందర్లాగే మాట్లాడు," అని చిన్నోడు లోపలికెళ్లిపోయాడు.

పెద్దావిడ పోయాక ఆ ఇంట్లో ముగ్గురే. పెద్దాయన, చిన్నోడు, కోడలు. గుడ్ల వ్యాపారం కూడా ముగ్గురిదే అనాలి, కానీ అలా అంటే అబద్ధం. ఫారం నుంచి వచ్చిన గుడ్లు చూసి, ఏరి, ట్రేలు బండిలో పేర్చేది పెద్దాయన. బండి నడిపి, కొట్టుకొట్టుకీ తిప్పి, దించి, మాట్లాడి వచ్చేది కోడలు. చిన్నోడి పని ఏమిటంటే, ఫోను. ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తుతాడు. చెయ్యకపోయినా ఎత్తి చూస్తాడు.

మొదట్లో బండి చిన్నోడే నడిపాడు. గుడ్ల బండి నడపడానికి ఓర్పు కావాలి. వాడికేమో ముందు ఒక బండి పోతుంటే ఎవరో తన సొమ్ము ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది. వెంటపడేవాడు. వాడు వెళ్లిన దారంతా దుకాణాల వాళ్లకి ఆమ్లెట్లు అందించి వచ్చేవాడు. ఆఖరికి ఒకరోజు కోడలు కొంగు బిగించి తాళం తీసుకుంది. ఆ రోజు నుంచి గుడ్లు గుడ్లుగానే చేరుతున్నాయి. చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని నడుస్తున్నట్టు నడుపుతుంది. పక్క సీట్లో కూర్చునే పెద్దాయనకి కునుకు పట్టేస్తుంది.

ఇప్పుడు కోడలు వాళ్లమ్మకి కంటి ఆపరేషనైతే చూసుకోవడానికి వెళ్లింది. ఆ సందు చూసుకుని వీడు ఈ పని చేశాడు. అడిగి చేశాడా? ఎందుకడుగుతాడు! బిడ్డ తలకి గుండు కొట్టించాలన్నా తల్లినొక మాట అడుగుతారు.

కోడలు మర్నాడు సాయంత్రం బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచితోనే బండి దగ్గర ఆగిపోయింది. సంచి గోడకి ఆనించి, చెప్పులు విప్పి, తలుపు పట్టుకుని పైకి ఎగబాకింది. ఒకసారి జారింది. రెండోసారి ఎక్కింది. సీటు ముందుకి లాక్కుంది, కింద దిండు వేసుకుంది, మెడ సాచింది.

"మామయ్యా, కొంచెం బండి ముందుకి వచ్చి నిలబడండి."

పెద్దాయన వెళ్లి బానెట్ ముందు నిలబడ్డాడు. ఆ బానెట్ ఆయన గెడ్డం దాకా వచ్చింది.

"కనిపిస్తున్నానా అమ్మాయ్?"

"మీ జుట్టు కనిపిస్తోంది."

"చెయ్యి ఊపుతున్నాను చూడు."

"చెయ్యి కనిపించట్లేదు మామయ్యా. వంగి నిలబడండి ఒకసారి."

వంగాడు.

"ఎక్కడికెళ్లారు?"

"ఎక్కడికీ వెళ్లలేదు. ఇక్కడే ఏడుస్తున్నా."

కోడలు దిగింది. దిగేటప్పుడు మోకాలు గీరుకుపోయింది. చూసుకోలేదు. చిన్నోడు గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడి ఉన్నాడు.

"బేకరీ సందు మొదట్లో చిన్నపిల్లల బడి ఉంది కదండీ," అంది. "పొద్దున్నే పిల్లలు ఆ సందులోనే బంతాట ఆడుతుంటారు. మామయ్యంతటి మనిషి వంగితే నాకు మాయమైపోయారు. పిల్లలు నాకెలా కనిపిస్తారు? ఇది నేను నడపను. మామూలుగా చేయించండి, నడుపుతాను."

"అక్కర్లేదులే. నేనే నడుపుతా."

"మీకైనా అంతే కదా కనిపించేది?"

"నాకు కనిపిస్తుంది."

ఎలా కనిపిస్తుంది? మొగుడూ పెళ్లాలు పక్కపక్కన నిలబడితే ఇద్దరి నెత్తి మీదా ఒక పీట వేస్తే పీట ఒరగదు. అంత సమానం. లెవలింగ్ కిట్టు అక్కర్లేని జంట.

"ఇంతకాలం ఊరంతా ఏమనుకుందో తెలుసా నీకు?" అని చిన్నోడు గొంతు పెంచాడు. "పెళ్లాం బండి నడుపుతుంటే వీడు ఇంట్లో కూర్చుంటాడని నవ్వారు. డాక్టర్ గ్యారేజీలో నన్ను చూస్తే చాలు, 'మీ డ్రైవరమ్మ రాలేదా' అని అడుగుతారు. ఇకనుంచి అడగరు. నువ్వు ఇంట్లో ఉండి ఫోన్లు చూసుకో. బండి నాది."

అప్పుడర్థమైంది పెద్దాయనకి. వీడికి కావలసింది ఎత్తైన బండి కాదు. పెళ్లాం ఎక్కలేని బండి. మనిషిని సీట్లోంచి దించే ధైర్యం లేక, సీటునే మనిషికి అందకుండా లేపాడు. ఎంత పిరికితనానికి ఎంత పెద్ద టైర్లు!

కోడలు తాళం గోడకున్న మేకుకి తగిలించింది. రోజూ అక్కడే తగిలిస్తుంది. కానీ ఆ రోజు తగిలించాక చేత్తో దాన్ని ఒకసారి తడిమింది. పెద్దాయన చూశాడు. చూసి, చూడనట్టు గుడ్లు ఏరుకున్నాడు.

తెల్లవారుజామున ఎప్పటిలాగే పెద్దాయన ట్రేలు పేర్చడం మొదలుపెట్టాడు. ఆ టైర్లతో బండి వెనక తొట్టి కూడా ఎత్తైపోయింది కాబట్టి పీటేసుకుని ఎక్కాల్సి వచ్చింది. ఎక్కినప్పుడల్లా డాక్టర్‌ని, వాడి నాడి పరీక్షని, వాణ్ని కన్నవాళ్లని తిట్టుకున్నాడు. కానీ పేర్పు దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం మారిపోతుంది. అట్ట ట్రే మీద అట్ట ట్రే, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి, డ్రైవరు క్యాబిన్ గోడకి ఆనించి దొంతర మీద దొంతర. తాడు లేదు, పట్టా లేదు. ఇంకే గుడ్ల వ్యాపారైనా తాళ్లు బిగించి, గోనెలు దూర్చి నానా తిప్పలూ పడతాడు. పెద్దాయన వాళ్లని చూసి నవ్వేవాడు. 'చేతిలో పని లేనివాడికే తాడు కావాలి' అనేవాడు. ఇన్నేళ్లలో ఆయన పేర్చిన దొంతర ఒక్కటి కదల్లేదు. ఈ సంగతి తెలియనివాళ్లకి చెప్పేవాడు, తెలిసినవాళ్లకి మళ్లీ చెప్పేవాడు.

కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"మామయ్యా, ఈ ఒక్కరోజూ తాడు కడితే నయమేమో."

పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. కొడుకు వైపు చూసే చూపే, మొదటిసారి కోడలి వైపు చూశాడు.

"నా దొంతరకి తాడా?"

"బండి మారింది కదా అని."

"బండి మారితే నా చేతులు మారాయా? నువ్వెళ్లి ఫోను చూసుకో తల్లీ. అదే కదా ఇప్పుడు నీ ఉద్యోగం."

ఆ మాట నోరు జారి వచ్చింది. వచ్చాక పెద్దాయనకి నాలుక చేదుగా అనిపించింది. కోడలు తల దించుకుని లోపలికి పోయింది. పోనీలే, సాయంత్రం ఏదో ఒకటి మాట్లాడి కలుపుకోవచ్చని అనుకున్నాడు.

వెనక తలుపు మూశాడు. దాని గడియ ఎన్నాళ్లనుంచో వదులు. దాని మీద ఎప్పుడూ బరువు పడింది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

బండి బయల్దేరింది. చిన్నోడు హెడ్‌లైట్లు వేశాడు. అవి రోడ్డు మీద పడలేదు. ఎదురింటి మేడ మీద పడ్డాయి. అక్కడ ఆరుబయట పడుకున్నవాడొకడు తెల్లారిందనుకుని లేచి కూర్చున్నాడు. ఎదురొచ్చే పాలబండివాడు చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని ఏదో తిట్టాడు.

"చూశావా నాన్నా, ఎలా తప్పుకుంటున్నారో!"

"గుడ్డివాళ్లయిపోతే తప్పుకోరూ."

"పైనుంచి రోడ్డంతా ఎలా కనిపిస్తోందో చూడు."

"నాకు దూరంగా ఉన్నదంతా కనిపిస్తోంది. దగ్గరున్నదే కనిపించట్లేదు. నీకు పుట్టినప్పటినుంచీ అంతేగా, అలవాటై ఉంటుంది."

గ్యారేజీ దగ్గరికొచ్చాక చిన్నోడు బండి నెమ్మది చేసి హారన్ కొట్టాడు. డాక్టర్ వేపపుల్ల నోట్లోంచి తీసి చెయ్యెత్తాడు. వీడూ చెయ్యెత్తాడు. రెండు దేశాల రాజులు సరిహద్దు దగ్గర కలుసుకున్నట్టుంది వాళ్ల వాలకం. పెద్దాయన ముఖం కిటికీ వైపు తిప్పుకుని కళ్లు మూసుకున్నాడు. కునుకు పట్టలేదు. ప్రతి గతుకూ నడుముకి తగులుతోంది. కోడలి బండిలో ఈ రోడ్డుకి ఇన్ని గతుకులున్నాయని ఆయనకి ఎన్నడూ తెలియలేదు.

గతుకు గతుక్కీ వెనక ఏదో చిన్నగా జరుగుతున్న శబ్దం. గోడమీద అట్ట రాసుకున్నట్టు. పెద్దాయన విన్నాడు. విని, 'నా దొంతర కదలదు' అనుకున్నాడు.

రైలు పట్టాల మీది పెద్ద వంతెన వచ్చింది. ముందు ఒక కారు పోతోంది. ముందు ఏదైనా పోతుంటే వీడికి ఏమవుతుందో తెలిసిందే కదా. వంతెన ఎక్కుడు మొదలవగానే చిన్నోడు కాలు అదిమి తొక్కాడు. బండి ముక్కు మరింత పైకి లేచి ఆకాశం చూసింది. కారుని దాటేశాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు. తర్వాత ఇద్దరు కొట్టారు. తర్వాత వంతెనంతా కొట్టింది.

"చూశావా!" చిన్నోడు మొహం వెలిగిపోయింది. "బండి చూసి ఎలా కొడుతున్నారో!"

కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి బొటనవేలు పైకెత్తి ఊపాడు. హారన్లు ఇంకా పెరిగాయి. వాడి బొటనవేలు ఇంకా ఊగింది.

అప్పుడొక స్కూటరువాడు పక్కకి వచ్చాడు. వాడి కళ్లజోడు మీద పసుపురంగు జిగురు కారుతోంది.

"అన్నా!" అని అరిచాడు. "మీ బండి గుడ్లు పెడుతోంది!"

వంతెన మధ్యలో ఆపి దిగి చూశారు. వెనక తలుపు నోరు తెరుచుకుని వేలాడుతోంది. గతుకు గతుక్కీ కాస్త కాస్త వెనక్కి జరిగి, ఎక్కుడు రాగానే దొంతరలు ఒకదాని వెంట ఒకటి ఒరిగి జారిపోయాయి. వంతెన మీది నుంచి కింద దాకా సొనలే. దాటేసిన కారు ఆ సొనలో చక్రాలు తిరుగుతూ ఉన్నచోటే ఉంది. ఇద్దరు సైకిళ్లవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నిలబడటానికి ప్రయత్నిస్తున్నారు. ట్రాఫిక్ కానిస్టేబులు కింది నుంచి పరిగెత్తుకొస్తున్నవాడు సగం దాకా వచ్చి, వచ్చినంతా మళ్లీ జారిపోయాడు. రెండోసారి రెయిలింగ్ పట్టుకుని వచ్చాడు.

"ఎవడ్రా డ్రైవరు?"

ఇంతసేపూ బండి నాది బండి నాదన్నవాడు మాట్లాడలేదు.

"ఇది గుడ్ల బండా, యుద్ధానికి పోయే బండా? తాడు కట్టే తెలివి కూడా లేదా? లోడు పేర్చిందెవరు?"

ఇంతకాలం పేర్చింది నేనే పేర్చింది నేనే అన్నవాడూ మాట్లాడలేదు.

కానిస్టేబులు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు పెద్దాయనకి బాగా తెలుసు. తను రోజూ ఇతరుల మీద వాడే చూపే.

కానిస్టేబులు వాహనాలు మళ్లించడానికి పోగానే తండ్రీకొడుకులు అందుకున్నారు.

"నీ ముక్కు లేచిన బండి వల్ల!"

"నీ కదలని దొంతర వల్ల!"

"తొక్కమన్నానా నిన్ను?"

"కట్టొద్దన్నానా నిన్ను? పొద్దున్న అది చెప్తే వినలేదుగా! గుమ్మంలోంచి విన్నాలే నేను."

"విన్నవాడివి నోరు మెదపలేదేం?"

"నీకు చెప్తే వింటావా!"

రోడ్డు మీద జనం పోగై, ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఇంట్లో ముగ్గురున్నా ఇద్దరికీ ఆ నిమిషంలో గుర్తొచ్చింది ఒక్క మనిషే. చిన్నోడు ఫోను తీశాడు. వాడి చేతిలో ఫోను జన్మలో మొదటిసారి ఒక పనికొచ్చింది.

కోడలు తెలిసినవాళ్ల మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చింది. ఒడిలో రంపప్పొట్టు బస్తా. వీధి చివర వడ్రంగి కొట్టులో అడిగి తెచ్చింది. బస్తా విప్పి వంతెన మీద పొట్టు చల్లించింది. కారు కదిలింది. సైకిళ్లవాళ్లు ఒకరినొకరు వదిలారు. కానిస్టేబులు ఆమెనే చూసి, "నువ్వమ్మా డ్రైవరువి?" అన్నాడు.

"కాదండీ," అంది. ఆ 'కాదండీ' పెద్దాయన చెవిలో గుచ్చుకుంది.

తర్వాత తొట్టి దగ్గరికొచ్చింది. మూలన కొన్ని దొంతరలు మిగిలే ఉన్నాయి. బండిని వంతెన దింపి చదునుగా ఉన్న రోడ్డు మీదికి తెమ్మంది. చిన్నోడు తెచ్చాడు. ఆమె ఒక మంచి గుడ్డు తీసి క్యాబిన్ పక్కన తొట్టిలో పెట్టి వదిలింది. గుడ్డు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలిచింది. మెల్లగా వెనక్కి దొర్లింది. దొర్లి దొర్లి వెనక తలుపు దగ్గర ఆమె చేతిలోకి వచ్చింది.

"ఇదివరకు ముందుకి దొర్లేది మామయ్యా," అంది. "ఎక్కడ పెట్టినా క్యాబిన్ గోడ దగ్గరికే పోయేది. దించేటప్పుడు చూసేదాన్ని."

అంతే అంది. ఆపైన ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

పెద్దాయన దాదాపు ఖాళీ అయిన ఆ తొట్టి వంక చూస్తూ నిలబడ్డాడు. బండి ముందుకి వంగి ఉండేది. గతుకు గతుక్కీ దొంతరలు ముందుకి జరిగి గోడకి అతుక్కునేవి. ఇన్నేళ్లూ దొంతర కదలకుండా పట్టుకున్నది ఆ తల వంచుకున్న బండి. తన చేతులు కాదు. ఆయన మాత్రం ఆ చేతులు చూపించి పదిమందిని చులకన చేశాడు. తాడు కట్టుకునే ప్రతివాణ్నీ చవట అన్నాడు. చేతుల వంక చూసుకున్నాడు. సొన ఎండి వేళ్లు అతుక్కుపోయి ఉన్నాయి.

"బేకరీ అక్క ఎదురుచూస్తూ ఉంటుంది," అంది కోడలు. "మిగిలినవైనా అందించాలి. తాళం ఇవ్వండి."

చిన్నోడు తాళం వేలికి తగిలించుకుని నిలబడ్డాడు. "నీకు ముందు కనిపించదన్నావుగా."

"కనిపించదు. అందుకే మీరు ముందు నడవండి."

"ఏంటీ?"

"నా బండి ముందు నడవండి. దారి చూపించండి. పిల్లలుంటే పక్కకి జరపండి. చెయ్యి ఊపితే నేను వస్తాను, ఎత్తితే ఆపుతాను."

"ఇంతమందిలోనా? నడిచా?"

"లేదంటే గుడ్లు నెత్తిన పెట్టుకుని నడవండి. ఎలాగైనా నడకే."

పెద్దాయనకి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. కొడుకు మొహం చూసి నవ్వబోయాడు. కానీ కోడలు ఇటు తిరిగింది.

"మామయ్యా, మీరు తొట్టిలో కూర్చోండి. తలుపు గడియ పోయింది. వీపు ఆనించి పట్టుకోవాలి."

"తొట్టిలోనా? సొనలోనా?"

"తాడు లేదు కదా మామయ్యా."

పెద్దాయన ఎక్కాడు. ఎక్కడానికి పీట లేదు. టైరు మీద కాలు పెట్టి ఎక్కాడు. అంత పెద్ద టైరు ఉపయోగపడింది అదొక్కసారే.

అలా వెళ్లింది ఊరేగింపు. ముందు చిన్నోడు, ట్రాఫిక్ పోలీసులా చేతులు ఊపుకుంటూ. వెనక నుంచి కోడలి కేక: "ఇంకొంచెం ముందుకండీ! మీ నడుం కనిపించేదాకా ముందుకి నడవండి!" ఆ వెనక ఆ ముక్కు లేచిన బండి, నత్తలా. దాని వెనక తొట్టిలో సొనలో చతికిలబడి, మిగిలిన దొంతరల్ని రెండు చేతులా కౌగిలించుకుని పెద్దాయన. బేకరీకి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. గ్యారేజీ దాటినప్పుడు డాక్టర్ వేపపుల్ల మింగినంత పనైంది. ఈసారి ఎవరూ ఎవరికీ చెయ్యెత్తలేదు.

బేకరీ సందు దగ్గర కోడలు స్టీరింగ్ మొత్తం తిప్పింది. టైరు లోపల రేకుకి రాసుకుని గోళ్లతో పలక గీకినట్టు అరిచింది. సందు తిరగలేదు. మూడుసార్లు వెనక్కీ ముందుకీ చేసింది. మూడుసార్లూ అదే అరుపు. బడి పిల్లలు చెవులు మూసుకుని కేరింతలు కొట్టారు. బేకరీ ఆవిడ పిండి చేతుల్తో బయటికొచ్చి చూసింది.

"ఏమ్మా, ఏనుగు కొన్నారా?"

"లేదక్కా. బండే. కాస్త లావెక్కింది."

"మరి ఆ తొట్టిలో కూర్చున్నది మీ మామగారేనా? ఆయనకి గుడ్డు సొన పూసి పొయ్యిలో పెడతారా ఏంటి?"

సందంతా నవ్వింది. చిన్నోడు, పెద్దాయన ట్రేలు నెత్తిన పెట్టుకుని సందు పొడుగునా మోశారు. దారిలో ఎదురుపడ్డప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక చిన్నోడు తాళం మేకుకి తగిలించాడు. ఎవరూ అడగలేదు. "రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా," అన్నాడు గోడ వంక చూస్తూ. "బిళ్లలు తీయించేస్తా. పాత టైర్లు వాడి దగ్గరే ఉన్నాయి."

"నేను తీసుకెళ్తాను," అంది కోడలు. "మీరు ముందు నడవండి చాలు."

తీయించింది. బండి మళ్లీ తల దించింది. ఆ ఇనప బిళ్లలు ఇప్పుడు గోడౌన్ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పడున్నాయి. ఆ పని వాటికి సరిగ్గా సరిపోయింది. చిన్నోడు మాత్రం గ్యారేజీ వైపు పోవడం మానేశాడు. వెళ్తే 'డ్రైవరమ్మ రాలేదా' అని ఇప్పుడెవరూ అడగడం లేదు. 'ముందు నడవడానికి మనిషి కావాలా' అని అడుగుతున్నారు.

బిళ్లలు తీయించిన మర్నాడు తెల్లవారుజామున పెద్దాయన ట్రేలు పేర్చడం పూర్తిచేసి చూసేసరికి తొట్టి అంచు మీద కొత్త తాడు చుట్ట ఉంది. బండి ముందుకే వంగి ఉంది. దొంతరలు క్యాబిన్ గోడకే ఆనుకుని ఉన్నాయి. తాడు అక్కర్లేదని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"బండి మామూలైపోయిందిగా అమ్మాయ్."

"అయింది మామయ్యా."

"మరి ఇదెందుకు?"

కోడలు డ్రైవరు సీట్లో కూర్చుని అద్దంలోంచి ఆయన్నే చూస్తోంది. ఇంజను ఇంకా స్టార్ట్ చెయ్యలేదు.

మొన్న పొద్దున అన్న ఉద్యోగం మాట పెద్దాయనకి గుర్తొచ్చింది. ఏదో అనబోయాడు, అది నోటిదాకా రాలేదు. బదులుగా తాడు విప్పి, జన్మలో ఎన్నడూ కట్టనివాడు కట్టినట్టు, తొట్టి ఆ పక్క నుంచి ఈ పక్కకి లాగి ముడి వేశాడు. వేస్తూ తాడుని తిట్టాడు, తాడు చేసినవాణ్ని తిట్టాడు, తాడు అమ్మినవాణ్ని తిట్టాడు.

కోడలు దిగి వచ్చి ముడి పట్టుకుని లాగింది. ఊడిపోయింది.

"మళ్లీ కట్టండి మామయ్యా," అని వెళ్లి సీట్లో కూర్చుంది.